మాట కనబడేంత వెలుతురు

బాయిలరాయనకు చెవులు పోయి చాలా ఏళ్ళయింది. ఊరికే పోలేదు. బాయిలర్ల డొల్లలో దూరి రివెట్లు కొడుతూ, నెలనెలా జీతం పుచ్చుకుంటూ, బదులుగా కొంచెం కొంచెం ఇచ్చుకున్నాడు. మొదట గోడ గడియారం చప్పుడు పోయింది, తర్వాత తలుపు తట్టడం, ఆ తర్వాత టెలిఫోను, చివరికి పెళ్ళాం గొంతు. గొంతు పోయినా ఆవిడ మాట మాత్రం పోలేదు. పెదాలు చూసి మాట పట్టుకోవడం ఆయన నేర్చుకున్నాడు. ఆవిడే పట్టుబట్టి నేర్పించిందనడం న్యాయం. కబుర్లు చెప్పకపోతే ఆవిడకు తిన్నది అరగదు మరి. పగలంతా సుత్తి కొట్టేది ఆయన, సాయంత్రమంతా సుత్తి కొట్టేది ఆవిడ అని ఇరుగుపొరుగు నవ్వుకునేవారు. నవ్వితే నవ్వారు. ఆ సుత్తి కోసమే ఆయన పరుగుపరుగున ఇల్లు చేరేవాడని వాళ్ళకేం తెలుసు.

ఇల్లంటే ఒకటే గది, ఓ మూల పొయ్యి, వెనకవైపు ఇద్దరు పట్టే బాల్కనీ. కూతురు బేకరీలో పనిచేస్తుంది. తెల్లారకముందే వెళ్ళి పిండి కలపాలి కాబట్టి పొద్దుగూకగానే ఇంత తిని పడుకుంటుంది. ఆ పిల్ల నిద్ర చెడకుండా గదిలో దీపం ఆర్పేసి మొగుడూ పెళ్ళాం బాల్కనీలో చేరతారు. అక్కడ బల్బు లేదు. చీకట్లో చెవిటివాడికి కబుర్లెలాగ అంటారా, అందుకు ఆయన ఫ్యాక్టరీ టార్చి ఉంది. మూడు బ్యాటరీలు పట్టే పొడుగాటి ఇత్తడి టార్చి, బాయిలర్ల కడుపులో పగుళ్ళు వెతికిన టార్చి. ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని వెలుగు తన మొహం మీదికి తిప్పుకుని మొదలుపెట్టేది. పైవాటాలో అత్తాకోడళ్ళ గొడవ, మార్కెట్లో తూకం మోసం, బస్సులో ఎవరో తుమ్మితే ఊడిపడిన కట్టుడు పళ్ళు. గడ్డం కింద వెలుగుతో ఎదురింటి వాళ్ళకు ఆవిడ దయ్యంలా కనబడేదేమో గానీ, ఆయనకు మాత్రం లోకమంతా ఆ మొహంలోంచే వచ్చేది.

ఈమధ్య ఆ మాటలు అందడం లేదు. ముందు పేర్లు జారిపోయాయి. మేడమీది కోడలి గురించి చెబుతోందో, బేకరీ యజమాని గురించి చెబుతోందో తేలేది కాదు. తర్వాత వాక్యాలకు వాక్యాలే జారిపోయాయి. "మళ్ళీ చెప్పు" అనేవాడు. ఆవిడ మళ్ళీ చెప్పేది. ఇంకోసారి అనేవాడు. నిన్నగాక మొన్న ఆవిడ మధ్యలోనే చెయ్యి ఆడించి, "ఏం లేదులెండి," అని టార్చి ఆర్పేసింది. ఆ ఒక్క ముక్కా ఎలా అందిందో అందింది. చెవులు పోతున్నప్పుడు కూడా బాయిలరాయన ఇంత బెంగ పెట్టుకోలేదు. ఆవిడ మాట కూడా పోతే ఇక తనకు మిగిలేది గోడలూ, కదిలే నోళ్ళూ.

తప్పెక్కడుందా అని ఆలోచించాడు. కళ్ళు బాగానే ఉన్నాయి, సందు చివర బస్సు నంబరు కూడా చదవగలడు. పగటిపూట తెలుసుకుందామంటే, రిటైరయ్యాక కూడా ఆయన లేతు షెడ్డులో పనికి పోతున్నాడు. ఇంట్లో ఉన్న కాసేపట్లో మొగుడూ పెళ్ళాం మధ్య నడిచేవి తాళంచెవి, గొడుగు, చిల్లర, అంతా చేతిసైగలే. పైగా పంటినొప్పంటూ ఆవిడ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని తిరుగుతోంది. అటు తిప్పి ఇటు తిప్పి నేరం టార్చి మీదికి వచ్చింది. కొత్త బ్యాటరీలు వేసినా ఆ పాత బల్బు నీరసంగా, పచ్చగా వెలుగుతోంది. దొరికింది దొంగ అనుకున్నాడు.

పెద్ద రోడ్డు మీద ఎలక్ట్రానిక్ పార్టులు అమ్మే కొట్టుకు వెళ్ళి, టార్చిలోకి అన్నిటికన్నా పెద్ద ఎల్ఈడీ బల్బు కావాలన్నాడు. కొట్టు నడిపే ఆమె ట్యూబులైటు కింద కూర్చుని వైర్లు చుడుతోంది.

"ఎల్ఈడీ ఎంత దూరం కొట్టాలి బాబాయ్? వీధి చివరిదాకానా?"

"ఇంత దూరం చాలు." చెయ్యి చాచి చూపించాడు.

"ఆ మాత్రానికి ఇంత పెద్దది దేనికి? కళ్ళు జిగేల్‌మంటాయి."

"మా ఆవిడ మాటలు సరిగ్గా కనబడ్డం లేదు తల్లీ."

ఆమె చేతిలో వైరు ఆగిపోయింది. అర్థమయ్యాక మొహం మెత్తబడింది. ఏది దేనికి అతకాలో, కరెంటు ఎక్కువ పారకుండా ఏ చిన్న సర్క్యూటు వెయ్యాలో, పాత బ్యాటరీలకు బదులు ఏవి వాడాలో నిదానంగా చెప్పింది. మధ్యలో పక్కకు తిరిగి డబ్బాలు వెతుకుతూ కూడా చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క పొల్లుపోలేదు. సంతోషంతో ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వెలుతురుంటే తనకు ఏ లోటూ లేదని రుజువైపోయింది మరి.

షెడ్డులో పని అయిపోయాక టార్చి విప్పాడు. లేతు మీద రాగి బిళ్ళ ఒకటి తిప్పి, దాని మీద ఎల్ఈడీ కూర్చోబెట్టాడు. వేడి పీల్చే రాగి లేకపోతే అంత వెలుగూ తన వేడికి తానే మాడిపోతుంది. లోపలి అద్దం చిప్పకున్న చిల్లిని గుండ్రటి ఆకురాయితో పెద్దది చేశాడు. గోడ మీద వేసి చూస్తే వెలుగు నడుమ నల్లటి మచ్చ. ఎల్ఈడీ వెనక్కి ఉంది, వెనకటి బల్బు తీగ ఉన్నచోటికి అది రావాలి. కింద పల్చటి వాషరు వేశాడు. మచ్చ సన్నబడింది. ఇంకోటి వేశాడు. గోడ మీది సున్నం పెచ్చులు, సాలీడు కాళ్ళు, ఎప్పుడో ఎవడో గీకిన పేరు అన్నీ పట్టపగల్లా కనబడ్డాయి. షెడ్డు యజమాని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని ఏదో తిట్టాడు, ఈయన చూడనట్టు ఊరుకున్నాడు. చెవిటితనంలో ఆ సుఖం ఒకటుంది. చివర్న, ఇంత వెలుగూ ఆవిడ కళ్ళలో పడితే కష్టమని, గాజుకు లోపల బటర్ పేపరు గుండ్రంగా కత్తిరించి పెట్టాడు. వెలుగు మెత్తగా పరుచుకుంది.

ఇంటికొచ్చేసరికి కూతురు కంచాలు కడుగుతోంది. టార్చి వెలిగించి చూపించాడు.

"ఇప్పుడు దేనికి నాన్నా ఇదంతా?"

"మీ అమ్మ కబుర్లు మళ్ళీ మొదటికొస్తాయి చూడు."

కూతురు అప్పటికే కడిగిన కంచాన్నే మళ్ళీ కడిగింది. పాపం అలిసిపోయింది అనుకున్నాడాయన.

బాల్కనీలో ఆవిడ ఎందుకో టార్చి అందుకోలేదు. ఆయనే పట్టుకుని వెలుగు ఆవిడ మొహం మీద వేశాడు. ముక్కు పక్క పుట్టుమచ్చ, చెంపల దగ్గర నెరిసిన వెంట్రుకలు, కళ్ళ కింద ముడతలు, అన్నీ కొత్తగా చూసినట్టు చూశాడు. ఎంత కాలానికి చూస్తున్నానో అనుకుని మురిసిపోయాడు.

"ఇక కానియ్. మేడమీది కోడలు పుట్టింటి నుంచి వచ్చిందా లేదా?"

ఆవిడ తల అడ్డంగా ఊపింది. కళ్ళు గుచ్చుకుంటున్నాయేమోనని ఆయన వెలుగు కొంచెం కిందికి దించాడు. సరిగ్గా పెదాల మీద పడింది. ఆవిడ ఇక తప్పదన్నట్టు మొదలుపెట్టింది.

మాటలో 'ప' వస్తే పెదాలు కలవాలి. 'బ'కీ కలవాలి, 'మ'కీ కలవాలి. ఆవిడ పెదాలు దగ్గరికొచ్చి ఆగిపోతున్నాయి. మధ్యలో సన్నటి సందు. కుడివైపు మూల అసలు కదలడమే లేదు. నోటిలోపల నాలుక లేవబోయి వణికి పడిపోతోంది. బాయిలరాయన జన్మంతా ఇనుము మీద వెలుగు వేసి నీడేదో పగులేదో తేల్చినవాడు. ఇది నీడ కాదు.

"టార్చి కాదు," అన్నాడు. "ఎప్పట్నుంచి?"

ఆవిడ ఏదో చెప్పింది. అందలేదు. మళ్ళీ చెప్పమని ఈసారి అడగలేదు. ఆవిడ గదివైపు చూసింది. గుమ్మంలో కూతురు నిలబడి ఉంది, నిద్రపోలేదు. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆయన వెలుగు కూతురి మొహం మీదికి తిప్పాడు.

"నరాల జబ్బు నాన్నా. నాలుకా పెదాలూ మెల్లమెల్లగా పట్టు తప్పుతాయి. నయమయ్యే మందు లేదన్నారు."

"ఆ తర్వాత?"

"మింగడం కష్టమవుతుంది. ఆ తర్వాత..."

ఒక్కో అక్షరం ఎంత స్పష్టంగా కనబడిందంటే, ఈ వెలుతురు ఎందుకు పెట్టుకున్నానురా దేవుడా అనుకున్నాడు.

"ఎవరెవరికి తెలుసు?"

"చెవులున్న వాళ్ళందరికీ తెలుసు నాన్నా. ఫోనులో అమ్మ గొంతు వింటే తాగి మాట్లాడుతోందా అంటున్నారు. మార్కెట్లో నవ్వారని అమ్మ వెళ్ళడం మానేసింది."

"అయితే ఇంట్లో నేనొక్కణ్ణే వెధవనన్నమాట." కోపంతో ఎంత గట్టిగా అన్నాడో ఆయనకు తెలియలేదు. ఎదురింటి కిటికీలో దీపం వెలిగింది. "నాకెందుకు చెప్పలేదే? ముందు నాకు చెప్పాలా వద్దా?"

ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడింది. ఆయన ఆ పెదాలను చూడలేక కూతురి వైపే చూశాడు. కూతురు తల వంచుకుని వింది. విన్నాక మొహం తుడుచుకుని, వెలుగులోకి ఎత్తి, తల్లి మాటను తన నోటితో అంది.

"ఏమండీ, నేను నోరు తెరిస్తే అందరికీ ముద్దముద్దగా వినబడుతోంది. అందరూ జాలిపడుతున్నారు. మీకొక్కరికే వినబడదు. మీ దగ్గర నేనింకా బాగానే మాట్లాడుతున్నానని ధీమాగా ఉండేది. ఆ కాస్తా పోగొట్టుకోబుద్ధి కాలేదు."

కన్నకూతురి పెదాల మీద ఆ 'ఏమండీ' చూసేసరికి ఆయనకు దుఃఖం ముంచుకొచ్చింది. కళ్ళు మసకబారాయి. తనివితీరా ఏడవడానికి కూడా ఆయనకు లేదు, కళ్ళే కదా ఆయనకు చెవులు. చొక్కా చేతితో గట్టిగా తుడుచుకున్నాడు.

"నువ్వెళ్ళి పడుకో తల్లీ. పొద్దున్నే పనికెళ్ళాలి."

"అమ్మ మాట నీకెలా..."

"పడుకో."

కూతురు వెళ్ళి తలుపు దగ్గరగా వేసింది. ఆయన వెలుగు మళ్ళీ పెళ్ళాం మీదికి తిప్పాడు. ఆవిడ చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"చెప్పు. మేడమీది కోడలి గురించి చెబుతున్నావు."

ఆవిడ చెప్పింది. ముందు భయంభయంగా, తర్వాత వెనకటిలాగే చేతులు తిప్పుతూ, కనుబొమలెగరేస్తూ చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క అందలేదు. రెప్పవెయ్యకుండా చూస్తూ ఊ కొట్టాడు. ఆవిడ ఆగినప్పుడల్లా ఊ కొట్టాడు. ఒకచోట అలాగే ఊ అంటే ఆవిడ ఠక్కున ఆగి ఆయన కళ్ళలోకి చూసింది. అది ఊ అనవలసిన చోటు కాదని ఆయనకు తెలిసిపోయింది. తనకేమీ అందడం లేదని ఆవిడకూ తెలిసిపోయింది. ఆవిడ ఆయన చొక్కా కాలరు సర్ది, కథ ఎక్కడ ఆపిందో అక్కణ్ణుంచి మళ్ళీ మొదలుపెట్టింది.