తెరిచి పెట్టిన మూడు సీసాలు

అమీర్‌పేటలో అడుగుకో వైన్స్ ఉంది. వైన్ మాత్రం బోర్డు మీదే ఉంటుంది. లోపలికెళ్లి అడిగితే మనల్ని ఎగాదిగా చూస్తారు. అందుకని నేను పంజాగుట్టలో ఒక పెద్ద షాపుకి వెళ్తాను. అక్కడా జనమంతా ఫ్రాన్సు నుంచొచ్చే బోర్డో వైన్ సీసాల దగ్గరే మూగుతారు. పేరున్న ఊరు కదా, పేరుకే సగం ధర. కింది అరలో మదిరాన్, గయాక్, జురా అని ఎవరూ నోరారా పలకని ఊళ్ల సీసాలు దుమ్ము కొట్టుకుని ఉంటాయి. అవీ ఫ్రాన్సువే. రుచిలో తీసిపోవు, నాలాంటి బేగంపేట ఆఫీసు గుమాస్తాకి అందుతాయి. నేను వాటి పక్షం. నా పేరు వీరవెంకటసత్యనారాయణ, నన్నూ ఎవరూ పూర్తిగా పలకరు.

నా భార్య వసుమతి పోయి రెండేళ్లయింది. ఆ తర్వాతే నాకీ వైన్ పిచ్చి పట్టింది. ఎవరైనా అడిగితే రుచి కోసమంటాను గానీ, అసలు సంగతి, ఒక్క గ్లాసుతో సాయంత్రం గడిచిపోతుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. వాసన చూసి, నాలుక మీద తిప్పి, "నాకు నేరేడుపండు తగులుతోంది, మీకేం తగులుతోంది?" అని అడగాలి. అడగడానికి ఎదురుగా ఒక మనిషుండాలి. ఒకసారి గోడని అడిగాను. సిగ్గేసింది.

అందుకే ఆ ఆదివారం మా బిల్డింగులో ఇద్దరిని పిలిచాను. కింది ఫ్లోర్ తారక్ మా కాకినాడ వైపు కుర్రాడే, సాఫ్ట్‌వేర్. మహిపాల్‌కి మొబైల్ షాపు. వాట్సాప్‌లో పిలిస్తే తారక్ నమస్కారం బొమ్మ పెట్టాడు, మహిపాల్ "చూద్దాం అన్నా" అన్నాడు. రెండూ ఒప్పుకోవడమే అనుకున్నాను. వసుమతి పోయాక మా ఇంటికి నేను ఎవరినైనా పిలవడం అదే మొదలు. ఇల్లు తుడిచాను, జీడిపప్పు వేయించాను, ఆ మూడు ఊళ్ల సీసాలూ తెరిచిపెట్టాను. మదిరాన్‌కి వగరెక్కువ, కాసేపు గాలి తగిలితేనే దారికొస్తుంది. మిగతా రెండూ అప్పుడే తెరవనక్కర్లేదు, ఉత్సాహం ఆగక తెరిచేశాను. తెరిచిన వైన్ రెండు మూడు రోజులకి మించి నిలవదు. ముగ్గురం కూర్చుంటే ఎంతసేపులే అనుకున్నాను.

తలుపు తీసే ఉంచాను. చీకటి పడ్డాక వచ్చింది తారక్ కాదు, అతని భార్య హైందవి. చేతిలో చిన్న ప్లేటు ఉంది.

"అంకుల్, ఆయన అయ్యప్ప మాల వేసుకున్నారండి. ప్రసాదం ఇచ్చి, రాలేనని చెప్పి రమ్మన్నారు."

"నమస్కారం పెట్టాడు కదమ్మా?"

"రాలేననే పెట్టారండి. కార్తీకమాసం కదా, మీరు నిజంగా పిలిచారనుకోలేదు. మహిపాల్ గారింట్లో కూడా ఈ నెలంతా ముట్టరు. మొహమాటపడి చెప్పలేదేమో."

బల్ల మీది సీసాల్ని చూసీ చూడనట్టు చూసి, ప్లేటు పెట్టి వెళ్లిపోయింది.

కార్తీకమాసం. ఇంటింటి గుమ్మంలో ప్రమిదలు వెలుగుతుంటే, దీపావళివి ఇంకా తీయలేదు, ఏం బద్ధకం మనుషులో అని ఇన్ని రోజులూ విసుక్కున్నాను. నాకు క్యాలెండర్ చూసే అలవాటే లేదు. వసుమతి కూరలో ఉల్లిపాయ మానేస్తే కార్తీకం వచ్చిందని లెక్క. ఇప్పుడు కూర వండేది నేనే, ఉల్లిపాయ ఎప్పుడూ ఆగదు. ఇది ఏ నెలో నాకు చెప్పే మనిషి లేదు. ముందు వాళ్ల మీద కోపమొచ్చింది, తర్వాత నా మీద. కోపం పోయాక ఏడుపొచ్చింది.

"ఏం సారూ, తలుపు తెరిచి ఒక్కనివే కూసున్నవ్?"

మా ఇంటి ఓనరు మంగవ్వ. డాబా మీద ఆరేసిన బట్టలు భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడింది. గబగబా కళ్లు తుడుచుకున్నాను.

"రండి మంగవ్వ గారూ. ఇద్దర్ని పిలిచాను, రాలేదు."

"గా సీసలేంది?"

"ద్రాక్షపళ్లతో చేసిన మందండీ. మీరూ ఈ నెల ముట్టరేమో."

"మాకు సోమారం ఒక్కటే పట్టింపు. ఇయ్యాల ఐతారమే గద. కల్లు తాగిన పానం, నాకేమైతది. జర పొయ్యి."

బట్టలు కుర్చీ మీద పడేసి కూర్చుంది. మదిరాన్ పోసిచ్చాను. వేలు ముంచి రెండు చుక్కలు నేల మీద చల్లింది.

"మా ఆయినెకు. ఇయ్యకుంటె కలలకొచ్చి కొట్లాడ్తడు."

వసుమతికీ చల్లాలనిపించింది. కార్తీకంలో ఆ పని చేస్తే నా మొహం చూడదు. ఊరుకున్నాను.

"నాకు నేరేడుపండు తగులుతోందండీ. మీకు?"

మంగవ్వ ఇంకో గుక్క తాగి ఆలోచించింది. "నేరేడెక్కడిది సారూ. పాత చింతపండు నానేసిన నీళ్ల లెక్కున్నది."

"కాదండీ, ఇంకోసారి చూడండి."

"చూసిన. చింతపండే. నీ నాలికకే ఏదో అయింది."

రెండేళ్లలో ఈ ఇంట్లో కూర్చుని నా మాట కాదన్న మొదటి మనిషి ఆవిడ. నాకెంత సంతోషమేసిందో చెప్పలేను. నేరేడని నేను, చింతపండని ఆవిడ, జీడిపప్పు అయిపోయేదాకా వాదించుకున్నాం. గ్లాసు ఖాళీ చేసి ఆవిడ మోకాళ్లు పట్టుకుని లేచింది.

"మంచిగున్నది. మూతలు వెట్టి దాచిపెట్టు. వచ్చే ఐతారం మల్లొస్త. గా రెండు సుత అప్పుడు చూద్దాం."

వచ్చే ఆదివారానికి ఆ మూడూ పులిసి నోట పెట్టుకోలేనట్టు అవుతాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే, అట్లయితె ఎందుకులే సారూ, అనేస్తుందేమోనని భయమేసింది.

"అలాగేనండీ, ఉంచుతాను" అన్నాను.

ఆవిడ బట్టలు సర్దుకుని మెట్లు దిగింది. నేను మూడు సీసాలకీ బిరడాలు గట్టిగా నొక్కి ఫ్రిజ్‌లో పెట్టాను.