మందు కాదు, తోడు

నాచారం దాణా మిల్లులో గుళికలు చేసే పెల్లెట్ మెషిన్ నడిపే ఆశీర్వాదం చేతిలోంచి మందుల గది తాళంచెవి లాక్కున్నాడు ఓనర్ గంగాధరరావు.

"దూడల దాణాలో ఆ కొత్త మందు కలుపుతున్నావా, బయట అమ్ముకుంటున్నావా? ల్యాబ్ వాళ్లు చూస్తే దాణాలో ఆ మందు తాలూకు సూక్ష్మజీవి ఒక్కటి కూడా లేదంట! చెంగిచెర్ల సాంబయ్య దూడలకి పారుడు తగ్గలేదని రోజూ ఫోన్లు."

"నా చేతుల్తోనే కలిపిన సార్."

"మరి రెక్కలొచ్చి ఎగిరిపోయాయా? వారంలో తేల్చు. లేదంటే వేరేవాణ్ణి చూసుకుంటా."

పంతొమ్మిదేళ్లు ఆవిరి సెగకు ముఖం మాడ్చుకుంటే చివరికి దక్కింది దొంగ అన్న పేరు. ఏడో తరగతిలో బడి మానేసినవాడు నోటితో చెబితే ఎవరికి కావాలి? వాళ్లకు కాగితం చెప్పాలి. ఉప్పల్ దాకా సైకిల్ తొక్కుతూ దారి పొడుగునా ఓనర్‌ని తిట్టుకున్నాడు ఆశీర్వాదం.

ఇంట్లో భార్య రూతు అప్పుడే పాలు పొంగించి దించింది. "జర పాలు సల్లారినంక తోడెయ్యి, నేను నీళ్లు పట్టుకొస్త" అని బిందె తీసుకుని వెళ్లింది. ఆశీర్వాదం మనసు మిల్లులోనే ఉంది. చెంచాడు పెరుగు తీసి పొగలు కక్కుతున్న గిన్నెలో వేసేశాడు.

రూతు వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"కండ్లు యాడ వెట్టినవయ్యా? కాగే పాలల్ల ఎవరన్న తోడేస్తరా? సచ్చిపోతది!"

"ఏం సచ్చిపోతది?"

"తోడే! దానికి పాణం ఉంటది గద. వేలు వెడితే సుర్రుమనొద్దు."

ఆశీర్వాదం చెంచా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మిల్లులో ఖనిజాల పొడి, విటమిన్ పొడి అన్నీ మొదటే పిండిలో కలుపుతారు. ఆ పిండి ఆవిరిలో ఉడికాకే గుళికలుగా దిగుతుంది. ఈ కొత్త పొడినీ అందరూ మందు అన్నారు, అతనూ మందులాగే కలిపాడు. మందుకు ప్రాణం ఉంటుందని ఎవరు అనుకుంటారు? డబ్బా మీద ఇంగ్లిష్‌లో ఏం రాశారో తను చదవలేడు. చదవగలిగినవాళ్లు చదవలేదు.

పొద్దున్నే ఓనర్ ముందు నిలబడ్డాడు. "సార్, మీ ఇంట్ల పాలు తోడెట్ల ఏస్తరు?"

"నాకేం తెలుసయ్యా? మా ఆవిడనడుగు."

"మేడంకు ఫోన్ కొట్టుండ్రి. కాగే పాలల్ల తోడేస్తే ఏమైతదో అడుగుండ్రి."

గంగాధరరావు విసుక్కుంటూనే ఫోన్ చేశాడు. అవతల ఆవిడ నవ్వు ఆశీర్వాదానికి కూడా వినబడింది. ఫోన్ పెట్టేసిన ఓనర్ ఆవిరి గొట్టం వైపు చూసి, మందుల గది తనే తెరిచి డబ్బా తెచ్చిచ్చాడు.

ఆ రోజు ఆశీర్వాదం గుళికలను కూలర్‌లో పూర్తిగా చల్లారనిచ్చాడు. గుప్పిట్లోకి తీసుకుని వేడి లేదని చూసుకున్నాకే, పొడిని తవుడు నూనెలో కలిపి వాటి మీద చల్లాడు. శాంపిల్ ల్యాబ్‌కు వెళ్లింది. ఐదు రోజులు అన్నం సహించలేదు.

ఆరో రోజు కాగితం వచ్చింది. సూక్ష్మజీవులు గ్రాముకు కోట్లలో ఉన్నాయి, అన్నీ బతికే ఉన్నాయి. కొత్త దాణా తింటున్న దూడలు తేరుకున్నాయని మరో నాలుగు రోజులకు సాంబయ్య ఫోన్ చేశాడు.

గంగాధరరావు తప్పయిందని అనలేదు. అలాంటివాళ్లు అనరు. తాళంచెవి తెచ్చి మెషిన్ పక్కన పెట్టి, "టీ తాగావా?" అన్నాడు.

"తాగిన సార్."

తాగలేదు. ఓనర్ అటు వెళ్లగానే తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. తర్వాత సుద్దముక్క తీసి, డబ్బా మీద తను గుర్తుకోసం సుద్దతో రాసుకున్న 'మందు' అన్న మాట తుడిచేసి, వంకర అక్షరాలతో 'తోడు' అని రాశాడు.