పాత ఫొటోలోని పిల్ల

ఆ పిల్లను ఎండొక్కటే చంపలేదు. మీరూ చంపారు. నలభై ఆరు డిగ్రీల మంటకు 'వేసవి సందడి' అని పేరు పెట్టి అచ్చేసిన పత్రికల వాళ్లూ, ప్రకటనలిచ్చి వాళ్ల నోరు నొక్కిన బొగ్గు కంపెనీ వాళ్లూ, అందరూ. కాదంటే కత్తెరను అడగండి.

కత్తెరంటే మనిషే. పత్రికాఫీసులో ఇరవై ఏళ్లుగా వార్తలు కోసి కుదించే సబ్ ఎడిటర్. ఎండలు ముదిరాయంటే చాలు, పాత ఫొటోల్లోంచి ఒకటి తీసి పెట్టేవాడు. పైపు నీళ్ల కింద పళ్లన్నీ బయటపెట్టి నవ్వే ఏడేళ్ల పిల్ల. నాలుగేళ్లుగా అదే ఫొటో. ఎవరి పిల్లో ఎవరికీ పట్టలేదు.

ఈసారి ఫొటో పడిన మర్నాడు పొద్దున్నే ఒకావిడ పేపరు పట్టుకుని వచ్చింది. బట్టలు కుట్టి బతికే మనిషి. ఆ పిల్ల తన కూతురనీ, పోయిన వేసవిలో రేకుల గదిలో ఒళ్లు కాలిపోయి మధ్యాహ్నానికల్లా ప్రాణం విడిచిందనీ చెప్పింది. డాక్టరు వడదెబ్బ అని రాసిచ్చిన కాగితం విలేకరికి కూడా చూపించిందట. మరి పేపర్లో అనారోగ్యంతో మృతి అని ఎందుకు పడిందని అడిగింది.

కత్తెర పోయిన వేసవి పేపరు తీసి ఆ వార్త చూశాడు. ఆ నాలుగు లైన్లూ దిద్దింది తనే. ఎండ చావులని రాయకూడదన్నది ఎవరూ కాగితం మీద పెట్టని రూలు. ఇప్పుడు చచ్చిన పిల్లను మళ్లీ నవ్వించి అచ్చేశాడు.

ఎండకే పోయిందని పేపర్లో పడేదాకా రోజూ వస్తానని చెప్పి ఆవిడ గుమ్మం దగ్గర బల్ల మీద కూర్చుంది. వచ్చింది కూడా. కత్తెరకు ఏ పేజీ తెరిచినా ఖాళీ జాగాలో తడి జుట్టే కనబడేది. ఇంట్లో నీళ్లు కారుతున్న చప్పుడు వినబడి పదిసార్లు లేచేవాడు.

"కుళాయి బాగానే ఉంది. మీకే బాగాలేదు," అంది భార్య.

నాలుగోరోజు ఉండబట్టలేక రాసేశాడు. పిల్ల ఎండకే పోయిందని, బొగ్గు పొగతో ఏటికేడూ ఎండలు పెరుగుతున్నాయని. ఎడిటర్ చదివి పెదవి విరిచాడు.

"ఏకపక్షంగా ఉందయ్యా. పొగ వల్ల ఏమీ కాదని కంపెనీ నిపుణుడు చెబుతాడు, అది సగం పెట్టు."

గుమ్మంలోంచి ఆవిడ లేచి వచ్చింది.

"సగమేంటి సార్? నా కూతురు సగమే చచ్చిపోయిందా?"

ఎడిటర్ కిటికీ వైపు తిరిగాడు. కత్తెర ఆ కాగితం తీసి ఆయన ముందు మళ్లీ పెట్టాడు.

"ఒక్క అక్షరం కొయ్యకుండా వెయ్యండి. తప్పు రాసింది నేనేనని కింద నా పేరు పెట్టండి. అనారోగ్యమని మనం పూడ్చిపెట్టిన చావులన్నీ బయటికి తీయించి, ఎండకే పోయారని ఒక్కొక్కరి పేరూ అచ్చెయ్యండి. రేపు కాదు సార్, ఇవాళ్టి పేజీలోనే."