ఐసు నీళ్లలో పెట్టిన అద్దం

సిద్ధిరాములు స్టీలు గ్లాసులోంచి కళ్లజోడు అద్దం తీసి, మెత్తటి గుడ్డతో రెండు వైపులా ఒత్తి తుడిచాడు. గ్లాసులో ఐసు ముక్కలు ఇంకా కరగలేదు. ఎండాకాలమంతా ఆయన బల్ల మీద, ఎడమ చేతి పక్కన ఆ గ్లాసు ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ సందులోని ఆ కళ్లద్దాల దుకాణంలో అది యజమాని మల్లికార్జునరావు పెట్టిన పద్ధతి. ఎండకు రంగు మారే అద్దాలు మే నెల వేడిలో సగమే నల్లబడతాయి. చల్లబరిచి చూపిస్తే బొగ్గులా అవుతాయి. కొనేవాళ్లు ఆ నలుపే చూస్తారు.

పోచంపల్లిలో నూలుకు రంగు కట్లు కట్టిన వేళ్లు ఆయనవి. మగ్గం ఆగిపోయాక, ఇరవై ఏడేళ్లుగా అద్దాల అంచులు అరగదీస్తున్నాయి. గోళ్ల సందుల్లో తెల్లటి పొడి ఎప్పుడూ ఉంటుంది. మాట తక్కువ మనిషి. పెళ్లి పీటల మీద కూడా అడిగితేనే పలికాడని భార్య లింగమ్మ ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

గడపలో హరిప్రసాద్ అనే కుర్రవాడు నిలబడ్డాడు. ఎండకు కళ్లు మండుతున్నాయని వచ్చాడు. సిద్ధిరాములు అద్దాన్ని ఎండలోకి చాచాడు. చూస్తుండగానే నల్లబడింది.

"అబ్బో! గిదేం గారడీ కాకా?"

"గారడీ గాదు బిడ్డా. ఎంత సల్లగుంటే గంత నలుపు."

"ఇంకేంది మరి! నేను చేసేదే ఎల్బీనగర్ల కోల్డ్ స్టోరేజీల. ఐసు రూముకెల్లి లారీ కాడికి, లారీకెల్లి ఐసు రూముకు. నాయి అందరికన్న నల్లగైతయ్!" అని నవ్వాడు. "లోపల ఒక్కటే బల్బు. లిఫ్టు గుంతకు తలుపు గూడ లేదు. జర మంచిగ కనవడాలె."

సిద్ధిరాములు చేయి ఆగిపోయింది. నిన్న ఒక అద్దాన్ని ఎండకు చూపించి, మళ్లీ ఐసు నీళ్లలో వేసి మరిచిపోయాడు. సద్ది తిని వచ్చినా అది నల్లగానే ఉంది. చల్లదనంలో ఆ నలుపు తొందరగా వదలదు. ఎండలోంచి ఐసు గదిలోకి పోయిన మనిషికి గుంత ఎట్లా కనబడుతుంది?

"సార్, గీ పిలగానికి మామూలు అద్దాలే..."

"నీ అరగదీసే పని నువ్వు చూసుకోవయ్యా. అమ్మడం నేను చూసుకుంటాను కదా," అన్నాడు మల్లికార్జునరావు నవ్వుతూనే.

ఇచ్చేటప్పుడు చెబుదామనుకున్నాడు. లోపలికి పోయేటప్పుడు తీసెయ్ బిడ్డా. మిషన్ మోతలో ఆ మాటే రెండు గంటలపాటు లోపల తిప్పుకున్నాడు. చివరి మర బిగించి, జోడు కౌంటరు మీద పెట్టి, చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. పొడి అంటిన చేతులతో మనిషి ముందుకు పోవడం ఆయనకు అలవాటు లేదు.

వచ్చేసరికి గడప ఖాళీగా ఉంది.

"ఇచ్చేశానయ్యా. డ్యూటీకి టైమైందంట."

ఆర్డరు చీటీ మీద ఉన్న హరిప్రసాద్ నంబరుకు ఫోన్ చేశాడు. అందుబాటులో లేదంది. మళ్లీ చేశాడు. మళ్లీ అదే మాట.

"సార్, జర ఎల్బీనగర్ దాంక పోయొస్త."

"ఇప్పుడా? ఎందుకూ?"

ఇన్నేళ్లలో పని మధ్యలో లేచి పోవడం అదే మొదటిసారి. చెప్పులు వేసుకుని మెట్లు దిగాడు.

మెట్రోలో సీటున్నా కూర్చోలేదు. పైనుంచి చల్లగాలి మెడ మీద పడుతుంటే తలుపు దగ్గరికి జరిగాడు. దిగి, అడుగుతూ అడుగుతూ ఆ గేటు చేరేసరికి మూడు దాటింది.

లారీ సగం ఖాళీ అయి ఆగి ఉంది. హమాలీలు గోడ నీడన కూర్చున్నారు.

"హరిప్రసాద్..." అన్నాడు సిద్ధిరాములు.

వాచ్‌మన్ ఆయన్ని కిందికీ మీదికీ చూశాడు. "నువ్వేమైతవు పెద్దమనిషీ?"

"ఆయన అద్దాలు జేసినోన్ని."

"దవాఖానకు తీస్కపోయిన్రు. దారిలనే పానం పోయిందంట," అన్నాడు వాచ్‌మన్. "కొత్త అద్దాలని అందరికీ సూపిచ్చిండు. జరసేపు ఎండల నిలవడ్డడు, మల్ల లోపలికి పోయిండు. సక్కగ లిఫ్టు గుంతల వడ్డడు. గంతే."

సిద్ధిరాములు లారీ వైపు చూశాడు. అద్దాలు సరిచేసుకోవడానికి హరిప్రసాద్ విప్పిన ఉన్ని చేతి తొడుగులు అట్టపెట్టె మీద ఉన్నాయి. వాటి వేళ్లు ఇంకా బరువు పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి.