నలభయ్యో తలుపు

ఇచీ అవ్వ ఇంటి తలుపు ఊడదీస్తుంటే నేను చూశాను. సోమవారం పొద్దున, స్కూలుకు బయలుదేరిన వేళ. మేస్త్రీ దయత్ గడపలో మోకాళ్ళ మీద కూర్చుని బందుల మరలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. తీసిన మరలు పోకుండా చొక్కా జేబులో వేసుకుంటున్నాడు. ఇచీ అవ్వ లోపల చాప మీద, విరిగిన తుంటి కదలకుండా గోడకు ఆనుకుని అతన్నే చూస్తోంది.

"చలి వస్తుంది కదా దయత్," అంది.

"నేనేం చెయ్యనవ్వా. తలుపు కంపెనీది."

"ఇల్లూ కంపెనీదే. అది కూడా ఎత్తుకుపో. నన్నొక్కదాన్నీ ఇక్కడ వదిలెయ్."

అతను నవ్వబోయి మానుకున్నాడు. తలుపు వీపుకెత్తుకుని, వంగి, తేయాకు మొక్కల మధ్య దారిలో ఫ్యాక్టరీ వైపు ఎక్కిపోయాడు. దూరం నుంచి చూస్తే తలుపే నడిచిపోతున్నట్టుంది.

మా కొండల్లో ఇల్లు ఖాళీ చేయించే పద్ధతి ఇదే. సామాన్లు బయట పడెయ్యరు, తిట్టరు. తలుపు తీసేస్తారు. మిగతా పని మంచు చూసుకుంటుంది.

మా వరుసలో నలభై ఇళ్ళు. డచ్చి దొరల కాలంలో కట్టినవి. దొరలు పోయారు, కంపెనీ వచ్చింది, నియమం మాత్రం మారలేదు. ఇంటికొక మనిషి తోటలో ఆకు కోయాలి. కోసినంత కాలం ఇల్లు వాళ్ళది. ఇచీ అవ్వకు అరవై ఏడేళ్ళు. వాలు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. కొడుకు పట్నంలో మోటారుసైకిల్ మీద జనాన్ని తిప్పుతాడు. తోటకు రానన్నాడు. అందుకని తలుపు పోయింది.

ఆ వారమే తూకం షెడ్డు గోడకు ఇంకో కాగితం అంటించారు. వచ్చే నెల ఒకటి నుంచి, ఇంటి తరఫున కోసే మనిషికి యాభై ఏళ్ళ లోపే ఉండాలి. నేను ఆ కాగితాన్ని మూడుసార్లు చదివాను. మా అమ్మమ్మ ఓదాకు అరవై నాలుగు. అమ్మ కింద పట్నంలో బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది, నెలకోసారి వస్తుంది. ఇంట్లో మిగిలింది నేను. నాకు పదహారు నిండాయి. స్కూలు పూర్తి కావడానికి ఇంకా ఏడాదిన్నర ఉంది. ఆ కాగితంలో నా పేరు లేదు కానీ అది నాకు రాసిన ఉత్తరమే.

"తోటలో మనుషులు దొరకట్లేదు" అనే మాట పుట్టినప్పటి నుంచి వింటున్నాను. అమ్మమ్మ పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ కొండ మీద మూడు వందల మంది ఆడవాళ్ళు కోసేవారట. ఇప్పుడు నలభై ఇద్దరు. ఆరుగురు తప్ప అందరూ యాభై దాటినవాళ్ళే. పై వాలులో కోసేవాళ్ళు లేక తేయాకు మొక్కలు మనిషెత్తు చెట్లయ్యాయి, వాటి కింద అడవిపందులు పడుకుంటున్నాయి. కంపెనీ ఒక కోత మిషను తెచ్చింది. అది మా వాలు మీద నిలవలేక జారిపోయి, ఇప్పుడు షెడ్డులో తుప్పు పడుతోంది.

సాయంత్రం కుళాయి దగ్గర గొడవయింది. అమ్మమ్మకూ యాంతి అక్కకూ.

యాంతికి ఇరవై నాలుగేళ్ళు. పట్నంలో ప్యాంట్లు కుట్టే ఫ్యాక్టరీలో ఐదేళ్ళు చేసింది. అక్కడ కార్మిక సంఘం పెట్టిందని తీసేస్తే వచ్చి, ఇంటి ముందు టోఫూ వేయించి అమ్ముకుంటోంది. అమ్మమ్మకు ఆమెంటే పడదు.

"కుర్చీ వేసుక్కూర్చుని టోఫూ వేపడం కూడా పనేనా? మీ తరానికి నడుం వంచాలంటే ప్రాణం పోతుంది," అంది అమ్మమ్మ, కుళాయి కింద బిందె పెడుతూ. "మీరు రాకపోబట్టేగా ఆ కాగితం అంటించారు."

"నడుం వంచే వచ్చానవ్వా. మిషను ముందు రోజుకు పదకొండు గంటలు."

"మరి తోటకు రా. నీ వయసులో నేను రోజుకు నలభై కిలోల ఆకు దించేదాన్ని."

"దించావులే. ఇప్పుడు గ్లాసు పట్టుకోవాలంటే రెండు చేతులు కావాలి నీకు."

కుళాయి చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు. యాంతి గొంతు తగ్గించింది.

"పనంటే భయం లేదవ్వా నాకు. ఆ పని చేసి నువ్వెలా అయ్యావో చూసి భయం. నీ కూతురూ అందుకే దిగిపోయింది. ఇప్పుడు దీన్ని పంపిస్తావా?"

దీన్ని అంటే నన్ను. అందరూ నా వైపు చూశారు. నేను కాళ్ళ దగ్గరి బురద చూశాను. బిందె నిండి పొర్లుతున్నా అమ్మమ్మ గమనించలేదు.

నాకు తోటకు వెళ్ళాలని లేదు. ఆ మాట ఇంట్లో ఎప్పుడూ అనలేదు. అమ్మమ్మ వేళ్ళు ముదురాకు జోలికి పోకుండా రెండాకులూ మొగ్గా మాత్రమే తుంచుతాయి. చూసే పని లేదు, వేళ్ళకే తెలుసు. అది ఆమె గర్వం. నాకు వద్దంటే ఆమె బతుకంతా వద్దన్నట్టు అవుతుందని భయం.

శుక్రవారం నమాజు అయ్యాక మేనేజర్ తూకం షెడ్డు దగ్గర మీటింగు పెట్టాడు. వరుసంతా వచ్చింది. ముసలివాళ్ళు ముందు నేల మీద కూర్చున్నారు. పట్నం నుంచి సెలవుకు వచ్చిన కుర్రాళ్ళు వెనక నిలబడ్డారు. మేనేజర్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మెత్తగా మాట్లాడాడు.

"తోట చచ్చిపోతోంది. ఎందుకు? మీ పిల్లలకు బద్ధకం. ఫోను పట్టుకున్న చేతికి తేయాకు కొమ్మ గుచ్చుకుంటుంది. ఇచీ గారిని చూడండి. అరవై ఏడేళ్ళ మనిషి. పడిపోయే ముందు రోజు వరకూ ముప్ఫై కిలోలు దించింది. ముసలమ్మకు చేతనైంది మీకెందుకు చేతకాదు?"

వెనక కుర్రాళ్ళు తలలు దించుకున్నారు. ముందున్న ముసలివాళ్ళు కూడా దించుకున్నారు. కుర్రాళ్ళది సిగ్గు. ముసలివాళ్ళది వేరు. అది ఏమిటో నాకు తెలుసు.

కొండ దిగేటప్పుడు ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు దిగుతారు. వీపు మీద బుట్ట ఉంటుంది. ముందు నడిచే మనిషి ముసలిదైతే, లేదా ఒంట్లో బాగాలేకపోతే, వెనకున్న మనిషి తన బుట్టలోంచి గుప్పెడు ఆకు తీసి ఆమె బుట్టలో వేస్తుంది. ముందున్న మనిషి వెనక్కి తిరగకూడదు. ఎవరు వేశారని అడగకూడదు. వేసిన మనిషి చెప్పకూడదు. మూడు వందల మంది ఉన్న రోజుల్లో తలా గుప్పెడు వేస్తే సరిపోయేది. ఇప్పుడు ముసలివాళ్ళే ముసలివాళ్ళకు వేస్తున్నారు. ఇచీ అవ్వ సొంతంగా కోసింది రోజుకు పది కిలోలు కూడా ఉండదు. సెలవు రోజుల్లో అమ్మమ్మ వెంట వెళ్ళినప్పుడు నేను కూడా ఆమె బుట్టలో వేశాను.

"చెప్పండి. ముసలమ్మకు చేతనైంది మీకు చేతకాదా?" అన్నాడు మేనేజర్ మళ్ళీ.

"అవి ఇచీ అవ్వ కోసినవి కావు."

ఎవరన్నారా అని నేను కూడా చూశాను. అన్నది నేనే. ఇక ఆగలేదు. "అందరూ తలా గుప్పెడు వేశారు. ఆ ముప్ఫై కిలోలు ఒక్క మనిషి కోసినవి కావు. మీరు మాకు చూపిస్తున్న ఆ మనిషి లేదు."

మేనేజర్ కుర్చీలో ముందుకు వంగాడు.

"అంటే ఇన్నేళ్ళూ తూకంలో మోసం చేశారన్నమాట."

ఆ రోజు వరుసలో నాతో ఎవరూ మాట్లాడలేదు. చెప్పకూడనిది చెప్పాను. అమ్మమ్మ అన్నం పెట్టింది, ఎండుచేప పెట్టింది, ముఖం మాత్రం పక్కకే పెట్టుకుంది. నేను సగం తిని లేచాను. అన్నీ పాడుచేశానని ఏడ్చాను.

పొద్దున్నే అమ్మమ్మ కుళాయి దగ్గరికి వెళ్ళింది. బిందె లేకుండా. నీళ్ళకు వచ్చిన ప్రతి ఆడమనిషినీ ఆపింది.

"ఇవాళ్టి నుంచి గుప్పెళ్ళు వద్దు," అంది.

"అదేంటి ఓదా? నేను పన్నెండు కిలోలు కూడా దించలేను," అంది ఒకామె.

"దించకు. నేనూ దించలేను. ఇన్నేళ్ళూ ఆకు కప్పి మన ముసలితనం దాచాం. దాచి దాచి, దాన్నే కొలత చేసి పిల్లల నెత్తిన పెట్టాం. మనుషులు లేరని వాళ్ళకు కళ్ళారా తెలియనీ." తర్వాత యాంతి వైపు తిరిగింది. "నువ్వూ రావే టోఫూ. మాట్లాడ్డం నీకు బాగా వచ్చుగా. షెడ్డు దగ్గర నిలబడు."

యాంతి నవ్వలేదు. పొయ్యి ఆర్పి వచ్చింది.

ఆ సాయంత్రం ఎవరి ఆకు వారిదే తూగింది. మేస్త్రీ దయత్ ఒక్కో అంకె చదువుతుంటే గొంతు చిన్నదైపోయింది. తొమ్మిది. పదకొండు. ఎనిమిది. అమ్మమ్మది పద్నాలుగు. నలభై కిలోల మనిషి పద్నాలుగు అని అందరి ముందూ వింది. తల దించలేదు.

యాంతి ముందుకు వచ్చింది. "మా ముసలివాళ్ళు ఊడిగం చేసి నిలుపుకున్న ఇళ్ళు చచ్చేదాకా వాళ్ళకే ఉండాలి. పిల్లల్ని ఇంటికి కట్టెయ్యకూడదు. మనుషులు కావాలా, కడుపు నిండే కూలీ చెప్పండి. వచ్చేవాళ్ళు వస్తారు. నేనూ వస్తాను."

మేనేజర్ దయత్‌తో మాత్రమే మాట్లాడాడు. "పదిహేను కిలోలు దాటని వాళ్ళు కోసేవాళ్ళే కాదు. ఎన్ని ఇళ్ళు?"

"ఇరవై ఆరు సార్."

"ఒకటో తేదీ దాకా ఎందుకు? మంగళవారం నుంచి తలుపులు తియ్యి."

వరుసకు తిరిగొచ్చేసరికి అందరూ అలసిపోయి ఉన్నారు. కోపం తెచ్చుకోవడానికి కూడా బలం కావాలి. యాంతి మాత్రం సంఘం గురించీ, కాగితాల గురించీ ఏదో చెబుతోంది. అమ్మమ్మ గడపలో కూర్చుని కాళ్ళు చాపుకుంది.

"దయత్ ఒక్కడూ ఇరవై ఆరు మొయ్యాలి. వాడికీ నడుం నొప్పేగా," అంది. తర్వాత నా వైపు తిరిగి, "నెంగ్, మరలు తిప్పేది ఎవరింట్లో ఉందో చూడు. వాళ్ళొచ్చేదాకా ఎందుకు, మనమే తీసి ఇచ్చేద్దాం," అంది.

యాంతి కాగితాల మాట వదిలి నాతో పాటు లేచింది.

ఆదివారం వెలుగుండగానే తీశాం. మా ఇంటి మరలు నేనే తిప్పాను. తుప్పు పట్టి రాకపోతే కొబ్బరినూనె పోశాను. ఇరవై ఆరు ఇళ్ళే కాదు, పదిహేను కిలోలు దాటినవాళ్ళూ, యాభై లోపు మనిషి ఉన్న ఇళ్ళవాళ్ళూ కూడా తీశారు. ఎవరూ బతిమాలలేదు. పక్కింటి తలుపు పోయాక సొంత తలుపు చూస్తే వాళ్ళకే ఇబ్బందిగా అనిపించి ఉంటుంది. సెలవు కుర్రాళ్ళు పట్నం బస్సు వదిలేసి ఒక్కో తలుపుకు ఇద్దరు చొప్పున మోశారు. ఇచీ అవ్వది ఎలాగూ కంపెనీ దగ్గరే ఉంది. మిగిలినవి ముప్ఫై తొమ్మిది. ఫ్యాక్టరీకి వెళ్ళే ఒకే ఒక్క రోడ్డు మీద అడ్డంగా పరిచాం. వాటి మీద కూర్చున్నాం.

ఆకు లారీ వచ్చి ఆగింది. డ్రైవరు దిగి చూసి, సిగరెట్ వెలిగించుకుని మళ్ళీ ఎక్కి పడుకున్నాడు.

మూడు రోజులు. ఎవరూ కోయలేదు. లేతాకు ముదిరిపోతుంటే అమ్మమ్మ వాలు వైపు చూసి చేతులు పిసుక్కునేది. "పాడైపోతోంది," అనేది. యాభై ఏళ్ళు చూసుకున్న మొక్కలు మరి. నినాదాలు ఇచ్చేంత ఓపిక మా వాళ్ళకు లేదు. కర్రపెండలం ఉడకబెట్టుకుని తిన్నారు, ఒకరి వీపు ఒకరికి ఆనించి కూర్చున్నారు. ఇచీ అవ్వను కూడా తలుపు మీదే పడుకోబెట్టి మోసుకొచ్చారు. "రాజుగారి ఊరేగింపులా ఉంది," అంది. ఇళ్ళకు తలుపులు లేవు. ఏ ఇంట్లోనూ చెంబు పోలేదు.

నాలుగో రోజు పొద్దున పోలీసులు వచ్చారు. తలుపులు కంపెనీ ఆస్తి, దొంగతనం కేసు అన్నారు.

"దొంగిలించి ఎక్కడ దాచాం బాబూ? నీ కాళ్ళ కిందే ఉన్నాయిగా," అంది అమ్మమ్మ.

యాంతిని పట్టుకున్నారు. మొదలుపెట్టింది ఎవరని అడిగితే అమ్మమ్మ లేచి నిలబడింది. పోలీసు ఆమె వయసు రాసుకుంటుంటే మేనేజర్ వైపు తిరిగింది.

"ఆకు కోయడానికి ముసలిదాన్ని. పట్టుకెళ్ళడానికి సరిపోయానా?"

వ్యాన్ మెట్టు ఎత్తుగా ఉంది. ఆమె కాలు అందలేదు. ముందే ఎక్కిన యాంతి వంగి, సంకెళ్ళ చేతులతోనే ఆమెను పైకి లాగింది. "మెల్లగా అవ్వా." "తెలుసులేవే టోఫూ." అంతే, తలుపు వేసేశారు. ఆ వ్యాన్‌కు మాత్రం గట్టి తలుపుంది.

"మిగతావాళ్ళు రేపు పొద్దున్నకల్లా తలుపులు ఎత్తుకుని ఇళ్ళకు పొండి," అని మేనేజర్ వెనక్కి తిరిగాడు. నా దగ్గర ఆగి, "నువ్వు తోటకు వచ్చి ఉంటే మీ అమ్మమ్మకు ఈ గతి పట్టేదా?" అన్నాడు. ఆ మాట నాలో దిగబడి అక్కడే ఉండిపోయింది. రోజంతా ఉంది.

మర్నాడు తెల్లవారాక ఎవరైనా లేస్తారేమోనని చూశాను. లేస్తే తప్పనను. అందరి పెదవులూ పగిలి ఉన్నాయి. ఎవరూ లేవలేదు. అమ్మమ్మ కూర్చున్న తలుపు ఖాళీగా ఉంది. దాని మీద మంచు పడి తడిసింది. నేను వెళ్ళి దాని మీద కూర్చున్నాను. ఇంకో ఇద్దరు వచ్చి నా పక్కన కూర్చున్నారు, నా చేతిలో వేడి టీ గ్లాసు పెట్టారు.

అప్పుడు పై దారిలో ఒక తలుపు కనిపించింది. దానంతట అదే దిగివస్తున్నట్టుంది. ఆకుపచ్చ రంగు. మా వరుసలో అన్నిటికీ తెల్లరంగే. ఆకుపచ్చ మేస్త్రీల ఇళ్ళకు వేస్తారు.

దయత్ కిందికి వచ్చేసరికి రొప్పుతున్నాడు. మరల బరువుకు చొక్కా జేబు ఒకవైపు వేలాడుతోంది. జనం లేచి నిలబడ్డారు, అతను దేనికి వచ్చాడో తెలియక.

"మా ఇంట్లో ఆకు కోసేది మా ఆవిడ. యాభై రెండు," అన్నాడు ఎవరి వైపూ చూడకుండా. "కూతురు రానంది. రావద్దనే చెప్పాను."

తర్వాత ఇచీ అవ్వ వైపు తిరిగాడు.

"మంచు తగలకుండా ఈ పక్కన పెట్టు దయత్," అంది ఇచీ అవ్వ.

మేస్త్రీల తలుపులు మా వాటికంటే మందం. వీపు మీంచి దించడం అతనొక్కడి వల్ల కాలేదు. నేను గ్లాసు కింద పెట్టి వెళ్ళి రెండో కొస పట్టుకున్నాను.

"వదలండి మామా, పట్టుకున్నాను," అన్నాను.

కింద మలుపులో మళ్ళీ వ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. నలభయ్యో తలుపును రోడ్డుకు అడ్డంగా దించి, ఇద్దరం దాని మీద కూర్చున్నాం.