షియా వెన్నకి పట్టిన వాసన

రెండోసారి కూడా గిన్నె మూత తియ్యగానే అదే కంపు. సుహుయిని అనే ఆ పిల్ల గిన్నె ఒళ్ళో పెట్టుకుని, చెక్కగరిటె పట్టి పట్టి బొబ్బలెక్కిన చేతిని చూసుకుంటూ, వాకిట్లో అలాగే కూలబడింది. పొద్దున్నించీ కరెంటు లేదు కనక షియా గింజల వెన్నంతా చేత్తోనే గిలకొట్టింది. మబ్బు తునకలా తెల్లగా, తేలిగ్గా పొంగింది కూడా. చూడ్డానికి తమాలే ఊళ్ళో అంత అందమైన బాడీ బటర్ ఇంకోటి ఉండదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాత్రం లావెండర్ పూల వాసన పక్కనే దవదవ, అదే, పులుసులో వేసే పులియబెట్టిన గింజల ముద్ద, కాళ్ళు బారజాపుకుని కూచుని ఉంది.

మొదటిసారి చేసింది స్నేహితురాలు సనాతుకి ఇచ్చింది. శుక్రవారం సనాతు పెళ్ళి. ఎడారి గాలికి పెదాలు, మోచేతులు పగిలిపోయే ఈ రోజుల్లో పెళ్ళికూతురు ఒంటికి తనే వెన్న చేసిస్తానని, పూలతోట నడిచొచ్చినట్టుంటుందని, సుహుయిని అందరి ముందూ కోతలు కోసింది. సనాతు కాస్త చేతికి రాసుకుని, వాసన చూసి, నెమ్మదిగా అడిగింది.

"నన్ను పెళ్ళికి ముస్తాబు చేస్తున్నావా, పులుసులో వేస్తున్నావా?"

అక్కడున్న ఆడవాళ్ళంతా కడుపులు పట్టుకున్నారు. ఆ నవ్వు సుహుయిని చెవుల్లోంచి ఇంకా పోలేదు. రాజధాని అక్రా నించి తెప్పించుకున్న లావెండర్ నూనె సీసాలో ఇంకొక్కసారికే సరిపడా మిగిలింది. ఈసారీ చెడితే పెళ్ళికి మొహం చూపించక్కర్లేదు.

అనుమానం నేరుగా తాత నాపరి మీదకే పోయింది. పోదా మరి. శుభకార్యాల్లో పంచే కోలా కాయలని చెప్పి చుట్టాలకి ఎర్రమట్టి ఉండలు పంచిన మనిషాయన. ఎవరి చెప్పుల్లోనో కప్పని పెట్టి, అది బయటికి దూకేదాకా నమాజుకి వెళ్ళకుండా కాపలా కాసిన మనిషి. మనవరాలిని "పెళ్ళామా" అని పిలుస్తాడు, నానమ్మ ఆమెని "సవితీ" అంటుంది, ఈ వేళాకోళపు వరసలు ఆమె పుట్టినప్పటినించీ ఉన్నవే.

సుహుయిని గిన్నె పట్టుకెళ్ళి తాత మొహం ముందు పెట్టింది. ఇందులో దవదవ కలిపింది నువ్వే కదా అని నిలదీసింది. తాత వాసన చూశాడు. కళ్ళు మెరిశాయి. అంతలోనే మొహం చిన్నబోయింది.

"నేను కాదే పెళ్ళామా. ఇంత మంచి పని నాకెందుకు తట్టలేదా అని ఏడుపొస్తోంది."

ఆమె నమ్మలేదు. ఆయన జన్మలో మొదటిసారి నిజం చెప్తున్నాడని తెలియడానికి ఆమెకి ఏ ఆధారమూ లేదు.

మర్నాడు వంటగది తలుపు గడియ పెట్టుకుంది. నానమ్మ లమీసి తన చేత్తో తీసిన షియా వెన్న పెద్దకుండలో ఉంటుంది. అందులోంచి కొత్తగా తీసి, సన్న మంట మీద కరిగించింది. ఎవరూ లోపలికి రాలేదు, ఎవరి చెయ్యీ పడలేదు. నూనె సీసా మూత తియ్యబోతూ, ఎందుకో ముందుగా గిన్నె మీదకి వంగింది. దవదవ. ఏమీ కలపకుండానే. కుండ వెనక చూస్తే గోడవారగా దవదవ గంప, ఆకులు కప్పి, పులుస్తూ ఉంది. వెన్న పక్కనున్న ఏ వాసననైనా పీల్చేసుకుంటుందని చిన్నప్పుడు ఆమెకి నేర్పిందే నానమ్మ. అలాంటి మనిషి ఆ రెండిటినీ పక్కపక్కన ఎలా పెట్టింది?

కోపంగా గడియ తీసి నానమ్మని కేకేసింది. లమీసి చిర్రుబుర్రులాడుతూ వచ్చి, ఎందుకా అరుపులని విసుక్కుంటూ గిన్నె మీదకి వంగి, గట్టిగా పీల్చింది.

"ఎంత బావుందే సవితీ. పూలే పూలు. నీ ఊదా పూల నూనె మంచిదే."

సుహుయిని తన చేతిలోని సీసా వైపు చూసింది. మూత ఇంకా బిగించే ఉంది. నోరు తెరిచింది. మాట బయటికి రాకముందే గుమ్మంలోంచి తాత అందుకున్నాడు.

"నేనేనే లమీసీ. కుండలో దవదవ ముద్ద వేసింది నేనే. పిల్ల ఏడుస్తుంటే చూడలేక చెప్తున్నా."

ఇక చూడాలి నానమ్మని. ముసలాడి తాతముత్తాతల దాకా వెళ్ళి తిట్టింది. నా వెన్న పాడుచేస్తావా, ఆ కుండ ఖాళీ అయ్యేదాకా నీ ఒంటికే పూసుకో అని శిక్ష వేసింది. తాత తల వంచుకుని, మనవరాలి వైపు ఒక్క చూపు చూశాడు. నోరు మూసుకోమనే చూపు.

తర్వాత మేకల దొడ్డి దగ్గర సంగతి చెప్పాడు. పోయిన చలికాలం జ్వరం వచ్చినప్పటినించీ లమీసికి వాసన తెలియడం లేదట. పేటలో ఆడవాళ్ళందరూ తాము తీసిన వెన్న తెచ్చి ఆమె ముక్కు కిందే పెడతారు. ఆమె మంచిదంటేనే మంచిది. ఇప్పుడు రంగు చూసి, వేళ్ళమధ్య నలిపి చూసి నెట్టుకొస్తోంది.

"అది పోతే దానికింకేం మిగుల్తుందే," అన్నాడు. ఆ మాటకి మాత్రం నవ్వలేదు.

సుహుయినికి ఎవరి మీద అరవాలో తెలియలేదు. అరిస్తే పడేవాళ్ళ మీద అరవడం అనవసరం, అరవాల్సిన మనిషి మీద అరవకూడదు. ముసుగు మొహమ్మీదకి లాక్కుని, బజారు చివర ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి దగ్గర వెన్న కొంది. లమీసి మనవరాలు బజార్లో వెన్న కొనడమా అని తనని తానే తిట్టుకుంది. సనాతు వాళ్ళ పెరట్లో కూచుని, చేతి బొబ్బలు చితికేదాకా గిలకొట్టింది. చివరి చుక్క లావెండర్ దాకా పోసేసింది. ఈసారి పూలే వచ్చాయి.

పెళ్ళిరోజు సనాతు ఏ పక్కకి కదిలితే ఆ పక్కకి తలలు తిరిగాయి. వెన్న ఎవరిదని ఆడవాళ్ళడిగారు. లమీసి నానమ్మదేగా, ఇంకెవరిదవుతుంది అని వాళ్ళే అనుకున్నారు. నానమ్మ చాప మీద ఠీవిగా కూచుని పెళ్ళికూతురి చెయ్యి ముక్కు దగ్గరికి తీసుకుని, కళ్ళు మూసుకుని పీల్చింది.

"నా చేతి వెన్న," అంది. "ఏమే సవితీ, కాదా?"

సుహుయినికి పళ్ళు నూరుకోవాలనిపించింది. ఒళ్ళంతా నొప్పులు, ఒక్క మెచ్చుకోలు తన వాటాకి రాలేదు, పైగా ఇకనించీ ప్రతిసారీ దొంగలా బజారుకి పోవాలి.

"నీదే నానమ్మా."

పందిట్లో ఒక మూల మాత్రం ఖాళీగా ఉంది. ఆ మధ్యలో తాత, తలనించి కాళ్ళదాకా నిగనిగలాడుతూ, దవదవ గుప్పుమంటూ ఒంటరిగా కూచున్నాడు. పక్కన ఒక్కరూ నిలవడం లేదు. మనవరాలిని చూసి చాప మీద చేత్తో తట్టాడు.

సుహుయిని ముసుగు చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వెళ్ళి ఆయన పక్కన కూచుంది.