సీటు వెనకాల ఇంజిన్

మా అమ్మాయి సొంతంగా కారు తయారుచేస్తోందంటే మొదట గర్వంగానే ఉండింది. ఇంజిన్ ముందువైపు కాదు, సీటు వెనకాల వస్తుందని తెలిశాక నాకు కంటిమీద కునుకు లేదు.

పందేల్లో తిరిగే కార్లలాంటిదట, ఇద్దరే పడతారు. నడిపే మనిషి వీపుకీ ఇంజిన్‌కీ మధ్య ఒక పల్చటి రేకు గోడ. సీటు తొడుగు కుట్టింది నేనే కాబట్టి ఆ దూరమెంతో నాకు బాగా తెలుసు. జానెడు.

కారు పనంతా మా తమ్ముడి లేత్ షెడ్డులోనే. ఒకరోజు అక్కడ బల్ల మీద అరచేతిలో పట్టేంత నల్లటి రబ్బరు ముక్కలు నాలుగు కనిపించాయి.

"ఇవేంటే?"

"మౌంట్లమ్మా. ఇంజిన్‌ని చాసీకి, అదే కారు చట్రానికి, పట్టి ఉంచేవి."

"అంత బరువుని రబ్బరు మీద కూర్చోబెడతావా? బ్రేకు వేస్తే ఊడొచ్చి నీ వీపున పడదూ?"

"పడదమ్మా."

"పడదని నీకేం తెలుసు?"

మా తమ్ముడు లేత్ దగ్గర్నుంచే అందుకున్నాడు. "గోడ గడియారం కింద కూర్చోడానికే అక్కకి భయం. నువ్వేమో ఇంజిన్ గురించి చెబుతున్నావు."

"నువ్వూరుకోరా," అన్నాను. తెలివున్నవాళ్లెవరూ గడియారం కింద కూర్చోరు.

నేను పట్టిన పట్టు వదల్లేదు. గట్టి ఇనుపవే పెట్టాలి, లేదంటే సీటు తొడుగు విప్పుకుని పోతానన్నాను. నా మాట తీసెయ్యలేక తమ్ముడు లేత్ మీద నాలుగు ఇనుప దిమ్మలు చేసిపెట్టాడు. అమ్మాయి మొహం గంటు పెట్టుకునే వాటిని బిగించింది. "రోడ్డెక్కే ముందు వారం రోజులు షెడ్డులోనే ఇంజిన్ నడిపి చూద్దాం," అంది.

స్టార్ట్ చేయగానే అద్దంలో నా మొహం నాలుగు మొహాలైంది. సీట్లో కూర్చుంటే పళ్లు టకటకా కొట్టుకున్నాయి.

"ఎలా ఉందక్కా?"

"గట్టిగా ఉందిరా," అన్నాను, గొంతు వణుకుతున్నా.

రోజూ ఇంజిన్ చల్లారాక, తుడిచే వంకన గుడ్డ పట్టుకుని చుట్టూ వెతికేదాన్ని. ఏదో ఒకటి ఊడి తీరుతుందని నా నమ్మకం. ఐదో రోజు ఎడమవైపు దిమ్మ కింద గుడ్డ పోగు ఒకటి చిక్కుకుంది. బట్టలు కుట్టేదాన్ని, పోగు ఊరికే పట్టుకోదని తెలుసు. వేలితో తడిమితే చాసీ మీద, వెల్డింగ్ పక్కన వెంట్రుకంత పగులు.

అమ్మాయి టార్చి వేసి చాలాసేపు చూసింది.

"ఇనుము మీద ఇనుము కూర్చుంటే అదురు పోడానికి దారేదమ్మా? అదంతా చాసీ మీద పడుతోంది."

"అయితే నావల్లేనన్నమాట."

"నీవల్లే. కనిపెట్టిందీ నువ్వే. ఇదే రోడ్డు మీద తెగుంటే..."

"చెప్పకు," అన్నాను. మిగతాది నేను రోజుకి పదిసార్లు అనుకునేదే.

ఆ మాట వదిలేసి, ఒక రబ్బరు మౌంట్ తీసుకుంది. చాకుతో అందులోని రబ్బరంతా చెక్కి పారేసింది. లోపల ఇనుప కడ్డీ, దాని చివర వెడల్పాటి బిళ్ల. చుట్టూ ఇనుప డిప్ప, దాని మూతి ఆ బిళ్లకంటే ఇరుకు.

"రబ్బరు పూర్తిగా చిరిగిపోయిందనుకో. ఇప్పుడు లాగు."

డిప్ప తమ్ముడు పట్టుకున్నాడు, కడ్డీ నేను పట్టుకున్నాను.

"బలంగా లాగక్కా. పెళ్లికి ముందు నా జుట్టు లాగినట్టు."

కాలు బల్లకి తన్నిపెట్టి మరీ లాగాను. లొడలొడమంది గానీ బయటికి రాలేదు. రెండోసారీ రాలేదు. గుండెల మీంచి పెద్ద బండ దించినట్టయింది.

"రబ్బరు పోయినా ఇంజిన్ ఊగుతుందే గానీ ఊడదమ్మా."

"ఈ ముక్క మొదటే చెప్పొచ్చుగా?"

"చెబితే నమ్మే మనిషివా?"

మర్నాడు దుకాణం నుంచి అదే తరహావి రెండు రకాలు తెచ్చింది. రెండూ నొక్కి చూశాను. మెత్తవి చిన్నపిల్లల బుగ్గల్లా ఉన్నాయి, వద్దన్నాను. కాస్త బిరుసుగా ఉన్నవి తీసిచ్చాను. తనూ అవే అనుకుందట.

పగులు మీద పట్టీ వేసి వెల్డింగ్ చేసి, కొత్త మౌంట్లు బిగించారు. ఆదివారం పొద్దున అమ్మాయి కారు బయటికి తీసింది. మలుపు తిరిగాక చప్పుడు సన్నబడి, వినబడకుండా పోయింది. మా తమ్ముడు ఒక్క జోకూ వెయ్యలేదు. కాసేపటికి అవతలి వీధివైపు నుంచి కారు గుర్రుమంటూ వచ్చేసింది.

దిగగానే వీపు తడిమాను. చెమట తప్ప ఏమీ లేదు.

"ఏంటమ్మా?"

"ఏం లేదులే. పక్క సీటు తలుపు తియ్యి."

కూర్చున్నాను. నా వీపు వెనకాల ఇంజిన్ మోగుతోంది, పళ్లు మాత్రం కుదురుగా ఉన్నాయి. "నెమ్మదిగా పోనీ," అన్నాను. అలవాటు కొద్దీ అన్నానంతే.